పాత సైకిలు సీటుకు ఇంట్లోనే కొత్త తొడుగు వేసుకునే విధానం

పాత నల్ల సైకిళ్ళలో చట్రమూ హ్యాండిలూ చక్రాలూ ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేసే స్థితిలో ఉండగానే ముందుగా చెడిపోయేది సీటు తొడుగు. ఎండకు రెక్సిన్ బిరుసెక్కి పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి వాన నీరు లోపలి మెత్తలోకి దిగుతుంది, మెత్త ఆరక అడుగున ఉన్న స్ప్రింగులు తుప్పు పడతాయి, చివరకు విరిగిన తీగ కొస పైకి పొడుచుకొచ్చి బట్టలు చింపుతుంది. అప్పుడు చాలామంది సీటు మొత్తాన్ని తీసి పారేస్తారు. మెత్త పాడైనా కింద ఉన్న ఇనుప చట్రమూ, వెనక ఉన్న రెండు లావుపాటి స్ప్రింగులూ గట్టిగా ఉన్నంతవరకు అలా పారేయడం అనవసరమని నా అభిప్రాయం. తొడుగు మార్చడానికి కావలసిన సరుకు ఖర్చు తక్కువ, పనిముట్లు చాలావరకు ఇంట్లోనే ఉంటాయి, రెండు సెలవు రోజులు కేటాయిస్తే తొందర లేకుండా పని పూర్తవుతుంది. తొడుగు లాగి బిగించడానికి పట్టే సమయం కొద్దిసేపే. అది ముడతలు లేకుండా కుదురుతుందా లేదా అన్నది మాత్రం అంతకు ముందు చట్రం మీద, మెత్త మీద, నమూనా కత్తిరింపు మీద మనం పెట్టిన శ్రద్ధను బట్టి ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ మూడింటి గురించే ఎక్కువగా చెబుతున్నాను.

మొదట సీటును తలకిందులు చేసి అది ఏ రకమో చూసుకోవాలి. కొన్ని పాత సైకిళ్ళకు మెత్త అనేదే లేని తోలు సీటు ఉంటుంది. సుమారు 5 మిల్లీమీటర్ల మందమున్న ఒకే తోలు ముక్కను ముందువైపు ముక్కుకూ, వెనకవైపు ఇనుప పట్టీకీ రివెట్లతో బిగించి, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా వదిలేస్తారు. బర్మింగ్‌హామ్‌లో 1866లో తోలు సామగ్రి వ్యాపారంగా మొదలైన బ్రూక్స్ సంస్థ 1882లో పేటెంటు పొందిన సీటు నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో తయారైన సైకిళ్ళకూ ఇదే తరహా సీట్లు వచ్చాయి. ఇలాంటి సీటు మీద మెత్త వేసి రెక్సిన్ కప్పవద్దని గట్టిగా చెబుతాను. ఆ తోలు కూర్చునే మనిషి ఒంటికి తగ్గట్టు వంగుతుంది, చెమటను పీల్చి ఆరబెడుతుంది. కప్పేస్తే ఆ రెండు గుణాలూ పోతాయి. తోలు కాస్త జారిందనిపిస్తే ముక్కు లోపల ఉన్న బిగింపు నట్టును పావు చుట్టు తిప్పి చూడాలి, తోలు నిలువునా చీలిపోయి ఉంటే దానికి వేరే పని, వేరే తోలు కావాలి.

మనం చేయబోయే పని రెండో రకానికి చెందినది. ఇందులో ఇనుప చట్రం మీద ముందు నుంచి వెనక్కి పొడవాటి స్ప్రింగులు లాగి తగిలించి ఉంటాయి, వాటి మీద ఫెల్టు (ఉన్నిని అణిచి చేసిన దళసరి బట్ట) గానీ పీచు గానీ పరిచి, ఆ పైన రెక్సిన్ తొడుగు వేసి ఉంటుంది. హెర్క్యులిస్, అట్లాస్, హీరో వంటి బరువు లాగే సైకిళ్ళకు మనం ఎక్కువగా చూసేవి ఇవే. తర్వాతి కాలపు సైకిళ్ళకు ప్లాస్టిక్ పళ్ళెం మీద ఫోమ్ అతికించిన మూడో రకం సీటు ఉంటుంది. దానికీ పని వరస ఇదే. తేడా వచ్చేచోట విడిగా చెబుతాను.

తొడుగు సరుకును సైకిలు నిలబడే చోటును బట్టి ఎంచుకోవాలి. రోజంతా ఆరుబయట ఎండకూ వానకూ ఉండే సైకిలుకు రెక్సిన్ నయం. రెక్సిన్ అంటే బట్ట మీద పి.వి.సి. పూత పూసినది కాబట్టి పైనుంచి నీరు దిగదు. కొనేటప్పుడు దాన్ని తిరగేసి వెనక బట్టను చూడాలి. అల్లిక బట్ట ఉంటే రెక్సిన్ రెండు వైపులా సాగుతుంది, నేత బట్ట ఉంటే సాగదు. సీటు వంపుల మీద ముడత పడకుండా కూర్చోవాలంటే సాగే రకమే కావాలి. దుకాణంలోనే నిలువుగా, అడ్డంగా, ఐమూలగా లాగి చూసి తీసుకోవాలి. ఆటోలకూ బస్సులకూ సీట్లు కుట్టేవారు ప్రతి ఆటోనగర్‌లోనూ ఉంటారు. వారి దగ్గర మిగిలిన ముక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. మనకు 50 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ముక్క ఉంటే చాలు. నలుపు రంగు మాసినా కనిపించదు గానీ వేసవి మధ్యాహ్నం దాని మీద కూర్చోలేము. ముదురు గోధుమరంగు నాకు ఎక్కువ నచ్చుతుంది.

సైకిలు నీడలో ఉండేదయితే తోలు వేసుకోవచ్చు. తోలులో కూడా చెట్టు బెరడుతో పదును చేసినది, అంటే పచ్చి చర్మాన్ని కుళ్ళకుండా బెరడు రసంతో తోలుగా మార్చినది కావాలి. దక్షిణాదిలో తంగేడు చెక్కతో, కరక్కాయలతో తోళ్ళు పదును చేయడం తరతరాలుగా ఉంది. అలా పదును చేసిన తోలు తడిసినప్పుడు మెత్తబడి, ఏ ఆకారం మీద లాగి ఆరబెడితే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు అలా నిలవదు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు: సాధారణంగా కోసిన అంచు లోపల నీలి బూడిదరంగు కనిపిస్తే అది క్రోమ్ తోలు, లోపలిదాకా గోధుమరంగు ఉండి, ఒక నీటి చుక్క వేయగానే పీల్చుకుని నల్లబడితే అది బెరడు తోలు. సీటుకు 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అంతకు మించితే అంచులు కిందికి మడవడం కష్టమవుతుంది.

ఇక పనిముట్లు: ఒక సర్దుబాటు పాన, చదునైన మొన ఉన్న స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, మంచి పదునున్న కత్తెర, చెప్పులు కుట్టేవారు వాడే ఆరె, రెండు లావు సూదులు, మైనం రాసిన నైలాన్ లేదా పాలిస్టర్ దారం, తీగ బ్రష్షు, ఉప్పు కాగితం, ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే రెడ్ ఆక్సైడ్ డబ్బా, ఒక డజను బట్టల క్లిప్పులు. జిగురు విషయంలో పొరపాటు చేయకూడదు. వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురు పి.వి.సి.ని పట్టుకోదు, చెప్పులకూ సన్‌మైకా షీట్లకూ వాడే సింథటిక్ రబ్బరు జిగురు తీసుకోవాలి. దాని ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది, నిప్పు కూడా అంటుకుంటుంది కాబట్టి గాలి ఆడే వరండాలో, పొయ్యికి దూరంగా పని చేయాలి.

సీటు విప్పే ముందు సీటు గొట్టం చట్రంలోకి దిగే చోట చుట్టూ టేపు ముక్క అంటిస్తే, తిరిగి బిగించేటప్పుడు ఎత్తు వెతుక్కోనక్కరలేదు. సీటు కింద, దాన్ని గొట్టానికి పట్టి ఉంచే క్లాంపుకు రెండు వైపులా ఉన్న నట్లను కొద్దికొద్దిగా వదులు చేయాలి. తుప్పుతో బిగుసుకుని ఉంటే కిరసనాయిలు గానీ పలచని నూనె గానీ వేసి ఒక రాత్రి వదిలేయాలి. బలవంతంగా తిప్పితే నట్టు మూలలు అరిగిపోయి తర్వాత పాన పట్టదు. క్లాంపులో పళ్ళున్న బిళ్ళలు, వాషర్లు ఒక వరసలో ఉంటాయి. విప్పిన వెంటనే వాటిని అదే వరసలో ఒక తీగకు గుచ్చి పెట్టాలి. ఫోను ఉంటే ఒక ఫొటో తీసుకోవడం ఇంకా మంచిది.

పాత తొడుగును చింపకూడదు. ఎంత పగిలినా అదే మన కొలత. కింద రేకు కొక్కేలు ఉంటే స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటి మెల్లగా పైకెత్తాలి, మొత్తం నిటారుగా చేస్తే మళ్ళీ వంచేటప్పుడు విరుగుతాయి. ప్లాస్టిక్ పళ్ళెం అయితే స్టేపుల్ పిన్నులు ఉంటాయి. వాటిని ఒకవైపు లేపి ప్లయరుతో లాగేయాలి. తొడుగు ఊడి వచ్చాక దాని కుట్లను దారం మాత్రమే తెగేలా కోసి, ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్క మీద అది ముందుదో వెనకదో, కుడిదో ఎడమదో రాసుకోవాలి.

ఇప్పుడు చట్రం. మెత్త తీసేశాక స్ప్రింగులను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడాలి. ఒక స్ప్రింగు విరిగి ఉంటే దాన్ని అలాగే వదిలి పైన మెత్త మందం పెంచి సరిపెట్టుకోవాలనిపిస్తుంది, కానీ బరువంతా పక్క స్ప్రింగుల మీద పడి అవి కూడా త్వరలో తెగుతాయి, తెగిన కొస కొత్త రెక్సిన్‌ను కింది నుంచే పొడుస్తుంది. పాత సైకిల్ సామాన్లు అమ్మేచోట మరో పాడైన సీటు కొని, దాని స్ప్రింగు తీసి వేసుకోవడం మంచిది. తుప్పును తీగ బ్రష్షుతో రాల్చి, ఉప్పు కాగితంతో రుద్ది, చట్రానికి రెడ్ ఆక్సైడ్ పూసి పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగు చుట్టల మధ్య రంగు పేరుకుంటే అది పెళుసుగా రాలిపోతుంది తప్ప కాపాడదు. వాటికి పలచగా గ్రీజు రాసి గుడ్డతో తుడిస్తే చాలు. చట్రం అంచుల్లో పదునైన చోట్లుంటే ఆకురాయితో నున్నగా చేయాలి. చాలా తొడుగులు అంచు దగ్గరే ముందు తెగుతాయి, అందుకు కారణం ఈ పదునే.

మెత్త గురించి చాలామందికి ఉన్న అపోహ ఏమిటంటే, ఎంత మందంగా వేస్తే అంత సుఖంగా ఉంటుందని. కూర్చున్నప్పుడు మన బరువును మోయవలసింది పిరుదుల లోపల ఉన్న రెండు ఎముకలు. మెత్త మరీ మృదువుగా, మందంగా ఉంటే ఆ ఎముకలు అందులో దిగిపోయి, మధ్యలో ఉన్న మెత్త పైకి ఉబికి, సున్నితమైన భాగాలను ఒత్తుతుంది. కొంత దూరం పోయేసరికి తిమ్మిరి మొదలవుతుంది. కాబట్టి వేలితో గట్టిగా నొక్కినప్పుడు కొద్దిగా మాత్రమే దిగే సరుకు ఎంచుకోవాలి. స్ప్రింగుల సీటుకు ముందుగా దళసరి గోనె ముక్క, దాని మీద ఫెల్టు వేయాలి. ఫెల్టు దొరకకపోతే పాత గొంగడి ముక్కను రెండు మూడు మడతలు వేసి, మడతలు జరగకుండా అక్కడక్కడా దారంతో కుట్టి వాడవచ్చు. ఉన్ని అణిగినా మళ్ళీ లేస్తుంది, స్పాంజి లాగా పొడి పొడిగా రాలిపోదు. ఆ పైన, తొడుగు నునుపుగా కనిపించడానికి, చెప్పుల సరుకు అమ్మే దుకాణాల్లో దొరికే 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇ.వి.ఎ. (రబ్బరు లాంటి గట్టి ఫోమ్) షీటు ఒక పొర వేస్తే సరిపోతుంది. పరుపుల్లో వాడే మామూలు స్పాంజి నీరు పీల్చుకుంటుంది కనుక వద్దు. ప్రతి పొరనూ చట్రం అంచుకు సరిగ్గా కత్తిరించి, పై పొర అంచును ఏటవాలుగా చెక్కితే తొడుగు వేశాక మెట్టులా కనబడదు.

మెత్త సిద్ధమయ్యాకే నమూనా తీయాలి, ఎందుకంటే కొత్త మెత్త మీద కొలత పాతదానికంటే కొంత పెరుగుతుంది. పైగా పాత రెక్సిన్ ఎండకు కుంచించుకుపోయి ఉంటుంది. పాత ముక్కలను దళసరి కాగితం మీద పరచి గీసి, చుట్టూ 3 మిల్లీమీటర్లు పెంచి, దాన్ని మెత్త మీద పెట్టి చూసుకోవాలి. పాత తొడుగు లేకపోతే సీటు మొత్తాన్ని పలచని ప్లాస్టిక్ కవరుతో చుట్టి, దాని మీద కాగితపు టేపు రెండు పొరలు అంటించి, ముక్కు నుంచి వెనక్కి నడిమి గీత గీసి, పై అంచు వెంబడి మరో గీత గీసి, ఆ గీతల మీద కోస్తే పై భాగం, పక్క పట్టీలు వాటంతట అవే విడివడతాయి. అలా తీసిన నమూనాను నడిమి గీత మీద మడిచి చూస్తే రెండు సగాలు కొద్దిగా తేడాగా ఉండడం సహజం. రెంటికీ మధ్యగా ఒకే గీత గీసి, మడిచిన కాగితాన్నే కత్తిరిస్తే రెండు వైపులూ సమానంగా వస్తాయి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. పక్కలు తక్కువ లోతుండే సీటుకు ఒకే ముక్క లాగి బిగించవచ్చు. పాత వెడల్పాటి సీటుకు పక్కలు నిలువుగా, లోతుగా ఉంటాయి. దానికి ఒకే ముక్క వేయబోతే ముక్కు దగ్గర ముడతలు తప్పవు. అందువల్ల పై ముక్క ఒకటి, ముక్కు దగ్గరా వెనక మధ్యలోనూ కలిసే పక్క పట్టీలు రెండు, మొత్తం మూడు ముక్కలుగా కుట్టడం మేలు. కుట్టు కోసం ప్రతి అంచుకూ 8 నుంచి 10 మిల్లీమీటర్లు, కిందికి మడవడానికి పట్టీల అడుగు అంచుకు 30 నుంచి 35 మిల్లీమీటర్లు వదలాలి. రెక్సిన్ వెనకవైపు సుద్దతో గీసి, ముక్కు కొస దగ్గర, వెనక మధ్యలో, సీటు లోపలికి వంగే రెండు నడుముల దగ్గర చిన్న గుర్తులు పెట్టుకుంటే కుట్టేటప్పుడు ముక్కలు జరగవు. పట్టీలు రెండూ వెనక కలిసే కుట్టు సరిగ్గా మధ్యలో రావాలి.

ఇంట్లో ఉన్న మామూలు కుట్టుమిషను సన్నని రెక్సిన్‌ను కుట్టగలదు. 16 లేదా 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్ల దాకా పెంచాలి. దగ్గర దగ్గర కుట్లు వేస్తే రంధ్రాల వరస వెంబడి రెక్సిన్ చిరిగిపోతుంది. మిషను పాదం రెక్సిన్‌కు అంటుకుని కదలకపోతే పైన పలచని కాగితం వేసి కుట్టి, తర్వాత దాన్ని చింపేయవచ్చు. తోలుకు మాత్రం చేతికుట్టే నేను సిఫారసు చేస్తాను. ఆరెతో 4 మిల్లీమీటర్లకు ఒక రంధ్రం చొప్పున ముందే పొడిచి, ఒకే దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులనూ ఎదురెదురుగా దూర్చి లాగాలి. దారం కుట్టు పొడవుకు నాలుగు రెట్లు తీసుకోవాలి. ఈ కుట్టులో ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు వెంటనే ఊడిపోదు. కుట్టిన తర్వాత లోపలి అంచులను వేలితో రెండు వైపులకూ విప్పి, జిగురుతో అణిచి, సుత్తి పిడితో తట్టితే కూర్చున్నప్పుడు ఒరుసుకోవు.

ఇప్పుడు తొడుగు వేయడం. రెక్సిన్‌ను పావుగంట ఎండలో ఉంచితే మెత్తబడి సులువుగా సాగుతుంది. చలికాలమైతే జుట్టు ఆరబెట్టే డ్రయరు చాలు. తొడుగును ముందు ముక్కుకు తొడిగి, నడిమి గుర్తులు కలిసేలా చూసి, వెనక్కి లాగి, వెనక అంచును కిందికి మడిచి క్లిప్పులు పెట్టాలి. ముక్కు, వెనక అంచు స్థిరపడ్డాక మాత్రమే పక్కలకు రావాలి. కుడివైపు ఒకచోట లాగితే వెంటనే ఎడమవైపు సరిగ్గా దానికెదురుగా అంతే లాగాలి. ఒక వైపంతా ముగించి రెండో వైపు మొదలుపెడితే కుట్టు గీత మెలిక తిరుగుతుంది, ఆ మెలిక తర్వాత ఏం చేసినా పోదు.

రెండు చోట్ల జాగ్రత్త ఎక్కువ కావాలి. సీటు లోపలికి వంగే నడుము దగ్గర తొడుగు మెత్తను అంటకుండా పైకి తేలుతుంది. అక్కడ మెత్తకూ తొడుగు వెనకకూ పలచగా జిగురు రాసి, పది పదిహేను నిమిషాలు, అంటే వేలికి తడి తగలనంతవరకు ఆరనిచ్చి, అరచేత్తో లోపలికి అణచాలి. కింది మడతలో అక్కడ నిలువుగా చిన్న గాట్లు పెడితే మడత విచ్చుకుని సాగుతుంది. ముక్కు కింద దీనికి విరుద్ధంగా సరుకు ఎక్కువై పోగుపడుతుంది. అక్కడ గాట్లు చాలవు, చిన్న త్రిభుజాలుగా కోసి తీసేయాలి, ఆ త్రిభుజం కొస చట్రం అంచుకు 6 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగాలి. మిగిలిన సరుకును పెద్ద ముడతగా కాకుండా నాలుగైదు చిన్న కుచ్చులుగా, ముక్కు మధ్య నుంచి రెండు పక్కలకూ విసనకర్రలా సర్ది, ఒక్కొక్కదాన్ని జిగురుతో అణిచి క్లిప్పు పెట్టాలి. ముందు నుంచి చూస్తే ఒక్క కుచ్చూ కనబడకూడదు. దీనికి అరగంట పట్టినా విసుగు పడవద్దు.

తోలయితే జిగురు పెట్టే ముందు గోరువెచ్చని నీటిలో కొద్ది నిమిషాలు నానబెట్టి, బుడగలు రావడం ఆగాక తీసి, పొడి గుడ్డతో ఒత్తి, సీటు మీద లాగి క్లిప్పులు పెట్టి, నీడలోనే ఒక రోజంతా ఆరనివ్వాలి. ఎండలో పెడితే బిరుసెక్కి కుంచించుకుపోతుంది. ఈ సమయంలో తడి తోలు ఇనుముకు తగలకూడదు. తంగేడు చెక్కలోనూ కరక్కాయలోనూ ఉన్న టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లని మచ్చలు ఏర్పడతాయి, అవి పోవు. పూర్వం కరక్కాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపి నల్ల సిరా చేసుకున్నది ఈ గుణంతోనే. కాబట్టి చట్రం మీద ప్లాస్టిక్ కాగితం కప్పి ఆరబెట్టాలి, క్లిప్పులు కూడా ప్లాస్టిక్‌వో చెక్కవో వాడాలి. ఆరిన తోలు సీటు ఆకారం పట్టాక దాన్ని తీసి, ప్లాస్టిక్ తొలగించి, జిగురు రాసి మళ్ళీ తొడిగితే సీటుకు అచ్చంగా కుదురుతుంది.

అడుగున బిగించే పద్ధతి సీటును బట్టి మారుతుంది. ప్లాస్టిక్ పళ్ళేనికి 6 మిల్లీమీటర్ల స్టేపుల్ పిన్నులు కొట్టవచ్చు. పొడవైనవి కొడితే పైకి గుచ్చుకుంటాయి. రేకు కొక్కేలున్న చట్రానికి తొడుగు అంచును రెండు మడతలు వేసి కొక్కేల కింద దూర్చి, సుత్తితో మెల్లగా వంచాలి. కొక్కేలు విరిగిపోయి ఉంటే దారంతో లాగి కట్టే పద్ధతి అన్నిటికంటే సులువైనది, నాకు నచ్చినది కూడా. మడిచిన అంచుకు 3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఆరెతో రంధ్రాలు చేసి, గట్టి నైలాన్ దారాన్ని కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి దూరుస్తూ పోయి, చివర ఒక్కో పోగును లాగి బిగించాలి. కొన్ని రోజులు కూర్చున్నాక మెత్త అణిగి తొడుగు వదులైతే ముడి విప్పి మళ్ళీ బిగించుకునే వీలు ఇందులోనే ఉంది. అడుగు భాగాన్ని మాత్రం ఏ షీటుతోనూ మూసేయకూడదు. కుట్లలోంచి ఎంతో కొంత నీరు దిగక మానదు, అది కిందికి కారిపోయి గాలికి ఆరాలి.

తిరిగి బిగించేటప్పుడు సీటు గొట్టానికీ, క్లాంపు బోల్టు మరలకూ గ్రీజు రాయాలి. సీటు ముక్కు నేలకు సమాంతరంగా ఉండాలి. స్ప్రింగుల సీటు వెనకవైపు కొంత దిగుతుంది కనుక ఎవరైనా కూర్చున్నప్పుడు పక్క నుంచి మరొకరు చూసి సరిచేయడం మేలు. ముక్కు కిందికి వాలితే బరువంతా చేతుల మీద పడి మణికట్లు నొప్పి పెడతాయి. మెత్త మందం మారింది కాబట్టి టేపు గుర్తు దగ్గర పెట్టిన ఎత్తు ఇప్పుడు కొద్దిగా తేడా రావచ్చు: సీటు మీద కూర్చుని, పెడలు అన్నిటికంటే కింద ఉన్నప్పుడు మడమ దాని మీద ఆనించితే కాలు దాదాపు నిటారుగా ఉండాలి. క్లాంపు నట్లను రెండు వైపులా ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, మొదటిసారి తొక్కి వచ్చాక మళ్ళీ ఒకసారి పానతో చూడాలి. జిగురు పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు ఇవ్వాలి, ఆలోపు సీటు మీద కూర్చోకూడదు. వారం తర్వాత అడుగు దారాన్ని వేలితో లాగి చూసి, వదులుగా ఉంటే బిగించి ముడి వేయాలి.

రెక్సిన్ సీటును తడిగుడ్డతో తుడిస్తే చాలు. కిరసనాయిలు, పెట్రోలు తగిలిస్తే దాని మెత్తదనం పోయి త్వరగా పగులుతుంది. తోలుకు రెండు మూడు నెలలకు ఒకసారి తేనెమైనం కలిసిన పాలిష్ పలచగా పట్టించాలి; నూనె ఎక్కువగా పోస్తే తోలు మెత్తబడి సాగిపోతుంది. వానలో తడిస్తే గుడ్డతో ఒత్తి, నీడలో ఆరబెట్టాలి. కత్తిరింపులో మిగిలిన రెక్సిన్ ముక్కనూ, మీ నమూనా కాగితాన్నీ ఒక కవరులో వేసి దాచి ఉంచితే, పక్క పట్టీ ఎప్పుడైనా చిరిగినా ఆ ఒక్క ముక్కనే మళ్ళీ కోసి కుట్టుకోవచ్చు.